పచ్చదీపం వెలిగిన తరువాత

పోయినవారం మనం కార్ఖానా షట్టరు దభాలున కిందికి దిగిన చప్పుడు దగ్గర ఆగాం. దింపినవాడు డ్రమ్మరు. లోపల చిక్కుకున్నది వదినా, మరిదీ. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్పేసి ముందుకు పోతాను, ఎందుకంటే లోపల దెబ్బలు అప్పుడే మొదలయ్యాయి.

వేదిక మీద పాడేవాళ్లకు తమ గొంతూ వెనకాల వాయిద్యాలూ ఇయర్‌ఫోన్లలో వినిపించే పెట్టె ఒకటుంటుంది. దానికి కాలితో నొక్కే పెడల్ ఉంటుంది. నొక్కితే చెవుల్లో శబ్దం పెరుగుతుంది, కాలు తీస్తే స్ప్రింగు పైకి లేచి తగ్గిపోతుంది. ఆ పెట్టెలు చేయించి అమ్మేవాడు మరిది. లోపల చిప్పులో నడిచే ప్రోగ్రాము రాసేదీ, అందులో తప్పులు దొర్లితే బియ్యంలో పురుగులు ఏరినట్టు కూర్చుని ఏరేదీ వదిన. మరిది పిలిచే పిలుపే కార్ఖానా అంతటికీ అంటుకుని ఆమె అందరికీ వదినే అయిపోయింది. ఇలా ఉండగా ఒక కచేరీలో ఆ పెట్టె డ్రమ్మరు చెల్లెలి చెవుల్లోకి ఉన్నట్టుండి ఉన్న బలమంతా పెట్టి అరిచింది. పాడుతున్న పిల్ల పాడుతున్నచోటే కూలిపోయింది. స్పృహ వచ్చేసరికి రెండు చెవులూ వినబడటం లేదు. పెట్టెలో ఏ దోషమూ లేదు, పెడల్ వాడటం చేతకాక ఆ అమ్మాయే పెంచేసుకుంది అని మరిది కనబడ్డవాడికల్లా చెప్పాడు. అది నిజమో కాదో తెలియక, తెలుసుకునేదాకా నోరు విప్పలేక వదిన నీళ్లు నమిలింది. ఇదీ కథ.

షట్టరు దించాక డ్రమ్మరు తిట్టలేదు, ఏమీ అడగలేదు. అతని చేతిలో డ్రమ్ముల పక్కన ఇత్తడి తాళాలు నిలబెట్టే సింబల్ స్టాండు తాలూకు ఇనప గొట్టం ఉంది. కూర్చుని మాట్లాడుకుందాం, అన్నా అంటూ మరిది నవ్వుమొహం పెట్టాడు. మొదటి దెబ్బ ఆ నవ్వు మీదే పడింది. రెండు పళ్లు ఊడి నేల మీద దొర్లాయి. రెండోది కుడి ముంజేతి మీద పడింది, ఎముక విరిగిన చప్పుడు వదినకు స్పష్టంగా వినబడింది. మూడోదానికి మరిది వెనక్కి తూలి, అమ్మకానికి సిద్ధంగా పేర్చిన పెట్టెల వరస మీద పడ్డాడు. పెట్టెలన్నీ అతని మీద పడ్డాయి. అడ్డం వచ్చిన వదినను మాత్రం డ్రమ్మరు పక్కకు నెట్టి ఊరుకున్నాడు. ఆమెతో పనుంది గనక.

అరిస్తే ఎవరైనా వస్తారనుకోవడానికి లేదు. పక్క షెడ్డులో గేట్లూ గ్రిల్లులూ చేసేవాళ్లు పొద్దుగూకేదాకా ఇనుము బాదుతూనే ఉంటారు. పనివాళ్లందరికీ ఆ పూట సెలవిచ్చి పంపింది మరిదే, ఎవరో కొనుగోలుదారుతో గుట్టుగా మాట్లాడుకోవాలని. తన తెలివే తన కొంప ముంచిన మనుషుల్లో అతనొకడు. నాకు అతని మీద జాలి లేదు.

పని బల్ల అంచున ఇనప దవడల వైసు ఒకటి బిగించి ఉంటుంది, రేకులూ కడ్డీలూ కదలకుండా పట్టి ఉంచడానికి. డ్రమ్మరు మరిదిని జుట్టు పట్టుకుని అక్కడికి ఈడ్చుకొచ్చాడు. ఎడమచెయ్యి ఆ దవడల మధ్య పెట్టి, ఊడి రాకుండా పట్టేంతవరకూ పిడి తిప్పాడు.

"నువ్వేగా రాసింది," అన్నాడు వదినతో. లోపలికొచ్చాక అతను నోరు తెరవడం అదే. "పెట్టెలో తప్పు లేదంట, తప్పంతా మా చెల్లిదంట. సరే. ఆ రోజు అరిచినట్టు దీన్ని ఇప్పుడు అరిపించు. అరవని ప్రతిసారీ ఒక తిప్పు తిప్పుతా."

వదిన పెళ్లయి ఆ ఇంటికి వచ్చేనాటికి మరిది పలక పట్టుకుని బడికి పోయే పిల్లాడు. తల్లి లేనివాడు. ముక్కు తుడిచింది ఆమే, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుందీ ఆమే. భర్త పోయాక ఆ ఇంట్లో ఒకరికొకరు మిగిలింది వీళ్లిద్దరే. వాడు అలవోకగా అబద్ధాలాడతాడని ఆమెకు బాగా తెలుసు. తెలిసీ ఊరుకున్నందుకు కొన్నాళ్లుగా ఆమెకు అన్నం సయించడం లేదు. అయినా ఆ చెయ్యి ఆ దవడల మధ్య చూసేసరికి ఆమె బల్ల దగ్గరికి నడిచింది.

బల్ల మీద ఆ పాపిష్ఠి పెట్టే ఉంది. కచేరీ నాటిదే. ఇన్నాళ్లుగా దానితోనే ఆమె కుస్తీ పడుతోంది. పక్కనే రబ్బరు తల ఒకటి, చెవుల దగ్గర మైకులు అమర్చినది. ఇయర్‌ఫోన్లు దాని చెవుల్లో పెట్టి శబ్దం ఎంతో కొలుస్తారు. చెవిలో ఎంత అరిచినా ఉలకడు పలకడు కాబట్టి పనివాళ్లు దాన్ని బావగారూ అని పిలుస్తారు. వదిన బావగారి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి, పెడల్‌ని బల్ల మీద పెట్టెపక్కనే పెట్టి, స్విచ్చి వేసింది. పచ్చదీపం వెలిగింది. అరచేత్తో పెడల్ నొక్కింది, వదిలింది. కొలత ముల్లు బుద్ధిగా పైకి వెళ్లి బుద్ధిగా దిగింది.

డ్రమ్మరు పిడి తిప్పాడు. మరిది కేక పెట్టాడు.

ఆమె మళ్లీ ఆపి, కంప్యూటరు వైరు తగిలించి వేసింది. పెడల్ ఎంత నొక్కితే ఎంత అంకె వస్తుందో తెర మీద వరసగా పడుతోంది. ఒక్కటీ తప్పు పోలేదు. వేళ్లెముకలు నలుగుతున్న చప్పుడు వింటూ అంకెలు చదవడం ఎంత కష్టమో ఆమెకు ఆ పూట తెలిసింది. డ్రమ్మరు మళ్లీ తిప్పాడు. ఈసారి మరిది కేక పెట్టలేదు, గుడ్లు తేలేసి వైసు మీదికి వాలిపోయాడు. గోళ్ల కింద నుంచి రక్తం బల్ల మీదికి పాకింది.

దాంతో వదినకు ఒళ్లు తెలియలేదు. తీగలు అతికించే సోల్డరింగు కడ్డీ పొద్దున్నుంచీ వేడెక్కే ఉంది. వంగి వైరు సర్దుతున్నట్టు నటించి, దాన్ని అందుకుని డ్రమ్మరు మెడ కింద గుచ్చింది. చర్మం సర్రుమంది. అతను ఎద్దులా రంకె వేసి వెనక్కి తిరిగి ఒక్కటిచ్చాడు. తల బల్ల అంచుకు కొట్టుకుని ఆమె కింద పడింది. లేచేసరికి ఒక కంట్లోకి రక్తం కారుతోంది, ఆ కన్ను తెరిస్తే అన్నీ ఎర్రగా కనబడుతున్నాయి. డ్రమ్మరు మెడ మీద చెయ్యి పెట్టుకుని చూస్తున్నాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి. అవి మంటకు వచ్చినవి కావని ఆమెకు అర్థమైంది. అర్థమవడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

అక్కడే నేల మీద కూర్చుని, ఆ రోజు సరిగ్గా ఏం జరిగిందో చెప్పమంది. అతను తన డ్రమ్ములతో చెబుతున్నట్టు వేరే దిక్కు చూస్తూ చెప్పాడు. పాట మధ్యలో కరెంటు ఒక్కసారి రెప్పకొట్టింది. మిగతావన్నీ బాగానే ఉన్నాయి, చెల్లెలి పెట్టె ఒక్కటీ ఆరిపోయింది. ఆమె పాట ఆపకుండానే వెనక్కి చూసి సైగ చేసింది. ఆమె సామాను అన్న తప్ప ఇంకెవరూ ముట్టుకోరు. డ్రమ్ములు వదిలేసి పరుగెత్తుకెళ్లి మళ్లీ ఆన్ చేశాడు.

"పచ్చదీపం వెలిగింది," అన్నాడు. "నేను వెనక్కి తిరిగాను. మా చెల్లి పడిపోయింది."

ఇందులో వదినకు పట్టుకోవడానికి ఏ కొసా దొరకలేదు. అయితే తప్పులు ఏరేవాళ్లకు ఒక పద్ధతుంది. ఎదుటివాడు ఏం చేశానని చెబుతాడో దాన్ని నమ్మరు, ఎదురుగా చేయించి చూస్తారు. అలవాటుగా చేసే పని మనిషికి గుర్తుండదు, అందుకే నోటితో చెప్పేటప్పుడు జారిపోతుంది. వదిన ఇన్నాళ్లూ అతన్ని పిలిచి అడగలేదు, అడగడానికి మొహం చెల్లక. లేచి, పెట్టెనూ పెడల్‌నూ బల్ల మీద నుంచి తీసి నేల మీద పెట్టింది. ఆ రోజు చేసినట్టే చేసి చూపించమంది. వైసు వదిలి రానని అతను మొండికేశాడు. ఒక చెయ్యి విరిగి, ఒక చెయ్యి ఇరుక్కుని, వాడు ఎక్కడికి పోతాడని ఆమె అడిగింది. అది నిజమే కాబట్టి అతను వచ్చాడు.

ఆ పెట్టెకు స్విచ్చి వెనకవైపు ఉంటుంది. నేల మీదున్నప్పుడు చెయ్యి పట్టాలంటే పెట్టెను పక్కకు వాల్చాలి. పెడల్ వైరు పొట్టిది, పెట్టెను వాల్చితే దాంతోపాటు పెడల్ కూడా ఈడ్చుకుపోతుంది. డ్రమ్మరు వంగాడు. పెడల్ జరగకుండా ఎడమకాలితో దాన్ని తొక్కిపట్టాడు. పెట్టెను వాల్చాడు, స్విచ్చి వేశాడు. పచ్చదీపం వెలిగేదాకా ఆగాడు. వెలిగింది. నిలబడి వెనక్కి తిరిగాడు.

బావగారి చెవుల్లోంచి వచ్చిన అరుపు గది గోడలకు కొట్టుకుంది. చెవిలో పట్టేంత చిన్న వస్తువు అంత గోల చేయగలదని మీరూ నేనూ అనుకోం. కొలత ముల్లు చివరికంటా పోయి వంగిపోయింది. ఒక ఇయర్‌ఫోను పగిలి ముక్క ఎగిరి గోడకు తగిలింది. వదిన కరెంటు వైరు పట్టి పీకేసింది. అప్పటికే సగం తెలివొచ్చి వాలిన కళ్లతో చూస్తున్న మరిది ఆ దెబ్బకు పూర్తిగా కళ్లు తెరిచాడు.

ఆమెకు అంతా ఒక్క క్షణంలో తెలిసిపోయింది. పోయిన ఏడాది ఫిర్యాదులొచ్చాయి. వాడగా వాడగా పెడల్ స్ప్రింగు నీరసించి, కాలు తీసినా పూర్తిగా పైకి రావడం లేదు, చెవిలో సన్నగా శబ్దం మిగిలిపోతోంది అని. దానికి ఆమె ఒక చిన్న ఉపాయం చేసింది. స్విచ్చి వేసిన క్షణంలో పెడల్ ఎక్కడుంటే అదే కాలు తీసిన చోటు, అదే సున్నా అనుకోమని పెట్టెకు చెప్పింది. స్విచ్చి వేసేటప్పుడు పెడల్ మీద కాలు ఎందుకుంటుంది? ఆమె బల్ల మీదైతే ఎప్పుడూ లేదు. బల్ల మీద పెడల్‌కి కాళ్లతో పనేముంది. కాలితో తొక్కిపట్టి ఆన్ చేస్తే అడుగున ఉన్న చోటే సున్నా అవుతుంది. ఆ కాలు వెంట్రుకవాసి లేచినా లెక్క సున్నాకన్నా కిందికి దిగాలి. ఆమె వాడిన లెక్కకు కిందికి దిగడం రాదు. బండి మీటరును సున్నా నుంచి వెనక్కి తిప్పితే అన్నీ తొమ్మిదులు పడతాయి చూడండి, అలా చిట్టచివరి అంకెకు ఎగబాకుతుంది. శబ్దం హద్దు మీరకుండా ఆపే కాపలా ఒకటి పెట్టెలో ఉంది, కానీ పెడల్ పూర్తిగా నొక్కినా లోపలికొచ్చిన శబ్దం వచ్చినంతే పోతుంది తప్ప అంతకు మించదన్న ధీమాతో ఆ కాపలాను ఆమె పెడల్‌కి ముందే నిలబెట్టింది. దొంగ వెనక తలుపున వచ్చాడు.

"తప్పు నాది," అంది వదిన. "నేను రాసిన లైను. మీ చెల్లి ఏమీ చేయలేదు. వాణ్ణి వదిలెయ్యండి."

డ్రమ్మరు గొట్టం తీసుకుని ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. ఏ లైనో, ఎలా జరిగిందో చెప్పమన్నాడు. ఆమె చెప్పింది, పైన నేను మీకు చెప్పినంత. స్విచ్చి వేసేటప్పుడు పెడల్ మీద కాలుంటే అన్న మాట దగ్గర మాత్రం గొంతు తగ్గించి గబగబా దాటేసింది. అతను దాటనివ్వలేదు.

"ఎవరి కాలు?" అన్నాడు.

ఆమె తల దించుకుంది. అతనికి భయపడి కాదు. ఆ మాట ఏ మనిషికైనా చెప్పగలిగేది కాదు, చెల్లెలి కోసం ఒక మనిషిని వైసులో బిగించిన అన్నకు అసలే చెప్పలేం. గొట్టం పైకి లేచింది. అది తన తల మీద పడుతుందని తెలిసీ ఆమె నోరు విప్పలేదు.

విప్పింది మరిది. ఊడిన పళ్ల సందుల్లోంచి నెత్తురుతో పాటు నవ్వు బయటికొచ్చింది.

"నీదేరా," అన్నాడు. "ఇందాక చూశాగా. నీ కాలే."

తను పెట్టలేదన్నాడు డ్రమ్మరు. ఎప్పుడూ పెట్టనన్నాడు. చూపిస్తానంటూ గొట్టం పారేసి పెట్టె దగ్గరికి వెళ్లాడు, వైరు తగిలించాడు. వంగాడు. పెట్టెను పక్కకు వాల్చాడు. స్విచ్చి మీద వేలు పెట్టి కిందికి చూసుకున్నాడు. ఎడమకాలు అప్పటికే వెళ్లి పెడల్ మీద కూర్చుని ఉంది. అతను దాన్ని అక్కడ పెట్టిన గుర్తు లేదు. ఎవరిదో కాలును చూసినట్టు దాన్ని చాలాసేపు చూశాడు.

ఆ తరువాత లేచి వచ్చి వైసు పిడిని మెల్లగా వెనక్కి తిప్పాడు. మరిది చెయ్యి బయటపడింది. దాన్ని చెయ్యి అనడం అలవాటు కొద్దీ అనడమే. వదిన కొంగు చింపి చుడుతుంటే డ్రమ్మరు కట్టు కొస పట్టుకుని సాయం చేశాడు. సాయం చేస్తున్నాడని ఆమెకు కోపం తగ్గలేదు. చంపేయాలనే ఉంది. కానీ ఆ మొహం చూస్తే చంపడానికి అందులో ఎవరూ మిగిలినట్టు లేరు.

కట్టు పూర్తయింది. ఆమె మరిదిని గోడకు ఆనించి కూర్చోబెడుతుండగా వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. తిరిగి చూసేసరికి డ్రమ్మరు పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. కింద పడ్డ కొత్త ఇయర్‌ఫోన్ల జత ఒకటి విప్పి, పెట్టెకు తగిలించి, రెండు చెవుల్లో దూర్చుకున్నాడు. ఎడమకాలు పెడల్‌ని పూర్తిగా తొక్కి ఉంది. పెట్టెను వాల్చి స్విచ్చి వేశాడు. పచ్చదీపం వెలిగింది.

వదినకు పై ప్రాణాలు పైనే పోయాయి. కరెంటు ప్లగ్గు అతని వెనక గోడకుంది. అటు ఒక అడుగు వేసింది. అతను చెయ్యి చూపించి ఆపాడు, కదిలితే కాలు తీసేస్తానన్నాడు. ఆమె ఆగిపోయింది. కాలు నొక్కి ఉన్నంతసేపూ అతని చెవుల్లో ఏమీ లేదు. ఆ రోజు చెల్లెలికి కూడా ముందు ఇలాగే ఏమీ వినబడి ఉండదు.

"మా చెల్లికి నేను చెప్పలేను," అన్నాడు డ్రమ్మరు. "చెప్పినా దానికి వినబడదు. ఇక నాకు మాత్రం చెవులెందుకు?"

వదిన నేల మీద మోకాళ్లూనింది. ఇయర్‌ఫోన్లు బిరడాల్లా ఉన్నాయి కాబట్టి గొంతు పెంచి, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. ఆ లైను లేకపోతే అతని కాలు ఎక్కడున్నా ఎవరికీ ఏమీ అయ్యేది కాదని చెప్పింది. పెట్టెను నేల మీద వాడతారని తెలిసీ తను ఒక్కసారైనా నేల మీద పెట్టి చూడలేదని చెప్పింది. అబద్ధమేమోనని అనుమానం ఉన్నా మరిది మాటకు అడ్డు చెప్పని సంగతి కూడా దాచలేదు. చివరికి చెయ్యి చాచింది.

"పదండి, ఇద్దరం వెళ్దాం. కాగితం మీద నా చేత్తో రాసి ఆమెకు చూపిస్తా. మీరు పక్కనుంటే చాలు. ముందు అవి తీసెయ్యండి. కాలు మాత్రం కదపకండి."

అతను ఆమె చాచిన చేతిని చూశాడు. మెడ మీద కాలిన చోట తోలు లేచి ఉంది. చిన్నగా తలూపాడు. చెయ్యెత్తి కుడిచెవిలోది తీశాడు. అది భుజం మీదుగా వేలాడింది, ఎడమది ఇంకా చెవిలోనే ఉంది. వదిన గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. మోకాళ్ల మీదే గోడవైపు, ప్లగ్గువైపు జరిగింది. ఇంకో మూర ఉంది.

అప్పుడే షట్టరు కదిలింది. డ్రమ్మరు దాన్ని దించాడే గానీ తాళం వేయలేదు. ఎవరో బయట నుంచి రెండు చేతులతో ఎత్తుతున్నారు, సగంలో ఇరుక్కుంటే మళ్లీ ఎత్తుతున్నారు. ముందు చెప్పులు కనిపించాయి, తరువాత చీర కుచ్చెళ్లు, ఆ తరువాత వంగి లోపలికి తొంగిచూస్తున్న మొహం. ఇంట్లో స్టాండు గొట్టం కనబడక, అన్న కనబడక, వెతుక్కుంటూ వచ్చిన చెల్లెలు. లోపల ఏం చప్పుళ్లవుతున్నాయో తెలియని పిల్ల. రక్తం చూసింది, కట్టు చూసింది, కుర్చీలో అన్నను చూసింది. అన్నయ్యా అనబోతే గొంతు శ్రుతి తప్పి గరగరమంటూ వచ్చింది.

కాలు, కాలు అని వదిన అరిచింది. పక్క షెడ్డులో ఇనుము మోగుతోంది.

చెల్లెల్ని చూడగానే డ్రమ్మరు ఆమెకు ఎదురెళ్లడానికి కుర్చీలోంచి లేచాడు. పెడల్ మీద కాలుందని ఈసారీ అతనికి గుర్తులేదు.